పేగు గోడను కట్టేది ఇరుగుపొరుగే

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారికి పీఓహెచ్ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. గడువు రాగానే బోగీని సర్వీసు నుంచి తప్పించి షెడ్డుకు తెస్తారు. చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు విప్పి చూసి, అరిగినవి మార్చి, రంగు వేసి మళ్లీ పట్టాలెక్కిస్తారు. బండి ఆగితేనే ఆ మరమ్మతు సాధ్యం. ఆ వర్క్‌షాప్‌నూ యార్డునూ నమ్ముకుని మూడు నాలుగు తరాలుగా బతుకుతున్న తెలుగు కుటుంబాల్లో ప్రతి ఒక్కరి కడుపులోనూ అంతకంటే విచిత్రమైన మరమ్మతు జరుగుతూనే ఉంది. చిన్న పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి మొత్తంగా కొత్తదవుతుంది. అందుకోసం జీర్ణక్రియ ఒక్క పూట కూడా ఆగదు. ఈ పనికి ఫోర్‌మన్ లేడు. గోడకు తగిలించిన డ్రాయింగూ లేదు.

మరి ఏ కణం ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు విభజన ఆపాలో, ఎప్పుడు రాలిపోవాలో ఎవరు చెబుతున్నారు? గత ఇరవై ఏళ్ల పరిశోధన ఇస్తున్న జవాబును ఒక్క మాటలో చెప్పాలంటే, ఇరుగుపొరుగు. పక్క కణం, కింది పొర, చుట్టూ ఉన్న కండరం బిగువు, గోడ వంపు, లోపల ప్రవహించే ఆహారం, అందులోని సూక్ష్మజీవులు కలిసి కణానికి దాని పని చెబుతాయి. ఇది జీవశాస్త్ర తరగతికే పరిమితమైన సంగతి కాదు. పేగు గోడ తన పరిసరాలను బట్టి రూపుదిద్దుకునేదైతే, పిల్లల పోషణను పళ్లెంలో పెట్టిన గ్రాములతోనే కొలవడం సగం లెక్కే అవుతుంది. మన పోషకాహార విధానాలు ఆ మిగతా సగాన్ని కూడా తమ లెక్కలోకి తెచ్చుకోవాలి.

గోడ ఎలా ఉంటుంది?

చిన్న పేగు లోపలి ఉపరితలం నున్నటి గొట్టంలా ఉండదు. ముఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆ నూగుకే పాఠ్యపుస్తకాల్లో ఆంత్ర చూషకాలు అని పేరు. ఒక్కోటి సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంటుంది. చూషకాల మొదళ్ల చుట్టూ సన్నని గుంటలు ఉంటాయి. చూషకం ఆహారాన్ని పీల్చుకునే చోటు. గుంట కొత్త కణాలు పుట్టే చోటు. ఈ రెండింటినీ కప్పుతూ ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న పొర ఉంటుంది. మనం తిన్నదానికీ మన రక్తానికీ మధ్య ముఖ్యమైన సరిహద్దు అదే.

ఈ మడతలన్నీ పరిస్తే టెన్నిస్ కోర్టంత వైశాల్యం వస్తుందని చాలాకాలంగా పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు హెలాండర్, ఫాండ్రిక్స్ మళ్లీ కొలిచి, జీర్ణనాళం మొత్తానికీ కలిపి సుమారు 32 చదరపు మీటర్లు ఉంటుందని తేల్చారు. అది బ్యాడ్మింటన్ కోర్టులో దాదాపు సగం. లెక్క తగ్గినా అసలు విషయం తగ్గలేదు. కడుపులో చుట్ట చుట్టుకుని ఉన్న గొట్టంలో రెండు పెద్ద గదులంత నేల ఇమిడిపోయింది. దాన్ని ఇమిడ్చింది ఆ చూషకాల అమరికే. ఆ అమరిక చెదిరితే మొదట తగ్గేది ఆహారాన్ని పీల్చుకునే ఈ నేలే.

పొర నిరంతరం మారుతూ ఉంటుందని 1948లో లెబ్లాండ్, స్టీవెన్స్ ఎలుకల మీద చేసిన పరిశోధనతో స్పష్టమైంది. ఆ కణాలన్నిటికీ మూలమైన కణాన్ని గుర్తుపట్టడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది. 2007లో నెదర్లాండ్స్‌లో హన్స్ క్లెవర్స్ బృందం గుంట అడుగున ఉండే సన్నటి మూలకణాలను ఎల్‌జీఆర్5 అనే గుర్తు ద్వారా పట్టుకుంది. చిట్టెలుకలో ఒక్కో గుంట అడుగున ఇవి సుమారు పదిహేను ఉంటాయి. రోజుకోసారి విభజన చెందుతాయి. పుట్టిన కణాలు గుంట గోడ వెంట పైకి కదులుతూ, దారిలోనే తమ వృత్తిని ఎంచుకుంటాయి. కొన్ని ఆహారాన్ని పీల్చే కణాలవుతాయి, కొన్ని జిగురు వదిలేవి, కొన్ని హార్మోన్లు వదిలేవి. చూషకం కొసకు చేరాక అవి పేగులోకి రాలిపోతాయి.

ఆరు నెలలు అక్కర్లేని సావాసం

ఆరు నెలలు సావాసం చేస్తే వీరు వారవుతారని సామెత. పేగు కణాలకు అంత సమయం అవసరం లేదు. గుంట అడుగున మూలకణాల మధ్య పానెత్ కణాలు ఇరుక్కుని ఉంటాయి. మూలకణంగా కొనసాగడానికి కావలసిన సంకేతాలను ఆ పానెత్ కణాలు అందిస్తాయని 2011లో తేలింది. మూలకణం విభజన చెందినప్పుడు రెండు పిల్ల కణాలూ పుట్టుకతో సమానమే. పానెత్ కణానికి ఆనుకుని చోటు దొరికినది మూలకణంగా ఉండిపోతుంది. చోటు దొరక్క పైకి నెట్టబడినది వేరే వృత్తిలోకి వెళుతుంది. రేడియేషన్ వంటి దెబ్బకు మూలకణాలు నశిస్తే, పైకి బయలుదేరిన కణాల్లో కొన్ని వెనక్కి వచ్చి ఖాళీ అయిన చోటులో కుదురుకుని మళ్లీ మూలకణాలుగా మారిపోతాయి. కణం పుట్టుక కంటే అది నిలబడ్డ చోటే దాని పనిని నిర్ణయిస్తోందన్నమాట.

2009లో క్లెవర్స్ ప్రయోగశాలలోనే తోషిరో సాటో చేసిన ప్రయోగం దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లింది. ఒక్క మూలకణాన్ని మెత్తటి జెల్‌లో ఉంచి, సరైన సంకేత ప్రోటీన్లు అందిస్తే, కొద్ది రోజుల్లో అది బుల్లి పేగులా ఎదిగింది. మధ్యలో బోలు, చుట్టూ గుంటల్లాంటి మొగ్గలు, వాటి అడుగున పానెత్ కణాలు, పైన ఎదిగిన కణాలు, అన్నీ ఎవరూ పేర్చకుండానే ఏర్పడ్డాయి. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. అయితే స్వేచ్ఛగా వదిలేసిన ఆర్గనాయిడ్లలో ఏ రెండూ ఒకేలా ఉండవు. మొగ్గలు తోచిన చోట వస్తాయి. స్విట్జర్లాండ్‌లో లూటోల్ఫ్ బృందం 2022లో ప్రచురించిన పరిశోధనలో జెల్‌కు ముందే గుంట ఆకారం ఇచ్చి చూస్తే, మూలకణాలు, పానెత్ కణాలు ఆకారాన్ని బట్టే ఊహించిన చోట్ల చేరాయి. పాత్ర ఆకారం మారితే కణాల సర్దుబాటు కూడా మారింది.

ఆకారానికి ఇంత శక్తి ఎక్కడిది? ఇక్కడ జీవశాస్త్రం భౌతికశాస్త్రం తలుపు తట్టింది. హార్వర్డ్‌లో క్లిఫర్డ్ టాబిన్ బృందం, ఐఐటీ మద్రాసులో ఇంజినీరింగ్ చదివిన ఎల్. మహదేవన్‌తో కలిసి కోడిపిల్ల పిండంలో చూషకాలు ఎలా మొలుస్తాయో 2013లో వివరించింది. మొదట పేగు లోపలి గోడ నున్నగా ఉంటుంది. గుడ్డు పొదగడం మొదలైన 8వ రోజు ప్రాంతంలో గొట్టం చుట్టూ ఉంగరంలా ఒక కండర పొర ఏర్పడుతుంది. లోపలి పొర పెరుగుతూనే ఉంటుంది. బయటికి జరిగే వీలు లేదు. అందుకని నిలువు మడతలు పడతాయి. 13వ రోజుకు పొడవునా సాగే మరో కండర పొర వచ్చి అటువైపు కూడా బిగిస్తుంది. మడతలు వంకర టింకరగా మారతాయి. 16వ రోజు ప్రాంతంలో మూడో పొర వస్తుంది. వంకర మడతలు విడివిడి మొటిమలుగా, అవే చూషకాలుగా లేస్తాయి. చిన్న పెట్టెలో పెద్ద దుప్పటి కుక్కితే మడతలు పడినట్టే. కండరాన్ని తీసేసి పరిశోధకులు దాని బదులు పట్టుతో చేసిన గొట్టంలో ఆ కణజాలాన్ని పెంచినా మడతలు పడ్డాయి. అంటే ఇక్కడ కండరం ఇస్తున్నది ఆజ్ఞ కాదు, బిగింపు.

2015లో అదే బృందం తర్వాతి మెట్టును చూపింది. మొదట్లో లోపలి పొర అంతటా విభజన చెందగల కణాలే ఉంటాయి. అవన్నీ కింది పొరకు ఒక సంకేత ప్రోటీన్‌ను వదులుతుంటాయి. గోడ వంగి చూషకంగా లేచినప్పుడు, ఆ కొస లోపల కింది పొర చుట్టూ మూడు వైపులా సంకేతం వదిలే కణాలే ఉంటాయి. అందుకని అక్కడ సంకేతం చిక్కబడుతుంది. చిక్కబడిన సంకేతానికి బదులుగా కింది పొర కొసలోని కణాలకు ‘ఇక విభజన చాలు’ అని కబురు పంపుతుంది. అలా మూలకణాలు కొసల నుంచి తప్పుకుని మొదళ్లకు పరిమితమవుతాయి. ముందు వంపు, ఆ వంపు వల్ల సంకేతం, సంకేతం వల్ల వృత్తి అన్నది ఇక్కడి వరుస.

క్షీరదాల్లో దారి కొంచెం వేరు. చిట్టెలుకలో చూషకాలు మొలిచేటప్పుడు లోపలి పొర అడుగున ఉండే కణాలు గుంపులుగా చేరతాయి. నూనె రాసిన పెనం మీద పరిచిన నీళ్లు నిలవలేక బొట్లుగా విడిపోయినట్టు, ఆ కణాల పొర బొట్లుబొట్లుగా విడిపోయి పై పొరను వంచుతుందని 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కోడికీ ఎలుకకూ పద్ధతులు వేరైనా సూత్రం ఒక్కటే. జన్యువులు ఇటుకలను, సిమెంటును సరఫరా చేస్తాయి. ఏ ఇటుక ఎక్కడ పడాలో మాత్రం ఇరుగుపొరుగు బిగువులు, వంపులు, సంకేతాలే నిర్ణయిస్తాయి.

పొరుగు చెడితే

ఇంతవరకూ చెప్పినది గోడ సవ్యంగా లేచే కథ. ఆ గోడ ప్రతి వారం మళ్లీ మళ్లీ లేవాలి. కాబట్టి పరిసరాలు చెడితే వచ్చే వారం గోడ కూడా చెడుతుంది. దీనికి రుజువు కోసం జెల్‌లోని ఆర్గనాయిడ్ల దాకా పోనవసరం లేదు. మన ఉపఖండమే ఒకప్పుడు ఆ ప్రయోగశాల అయింది.

1960ల్లో పీస్ కోర్ వాలంటీర్లుగా అప్పటి పాకిస్తాన్‌కు వచ్చిన అమెరికన్ యువతీయువకుల చిన్న పేగు నుంచి లిండెన్‌బామ్ తదితర వైద్యులు నమూనాలు తీసి పరిశీలించారు. ఆరోగ్యంగా వచ్చినవారిలో చాలామందికి చూషకాలు పొట్టివై, మొద్దుబారి, పొరలో వాపు కనిపించింది. పోషకాలను పీల్చుకునే శక్తి తగ్గింది. స్వదేశానికి తిరిగి వెళ్లాక నెమ్మదిగా చూషకాలు మళ్లీ లేచాయి. 1971లో అదే బృందం న్యూయార్క్‌లో స్థిరపడ్డ భారతీయులు, పాకిస్తానీయుల మీద జరిపిన అధ్యయనం కూడా అదే చెప్పింది. అక్కడ నివాసం సాగేకొద్దీ వారి పేగు రూపం, పనితనం మెరుగుపడ్డాయి. మనుషులు మారలేదు, జన్యువులు మారలేదు. నీరు, నేల, వాటిలోని సూక్ష్మజీవులు మారాయి.

ఈ స్థితిని ఇప్పుడు వైద్యులు ‘పరిసరాల వల్ల వచ్చే పేగు లోపం’ అనే అర్థంలో పిలుస్తున్నారు. నోట్లోకి మలం ఆనవాళ్లున్న నీరో, మట్టో, ఆహారమో పదేపదే వెళ్లినప్పుడు, విరేచనాలు కాకపోయినా పేగు పొరలో సన్నటి మంట రగులుతూ ఉంటుంది. కొసన కణాలు ముందుగానే రాలిపోతాయి. కొరత తీర్చడానికి గుంటలు లోతవుతాయి. అయినా ఉత్పత్తి చాలక చూషకం పొట్టిదవుతుంది. కణాల మధ్య అతుకులు వదులై, సూక్ష్మజీవుల ముక్కలు లోపలికి దిగుతాయి. వాటితో పోరాడటానికి ఒంట్లోని శక్తి ఖర్చవుతుంది. అమ్మ పెట్టిన ముద్దలో కొంత పీల్చుకోలేకపోవడం వల్ల పోతుంది. పీల్చుకున్నదాంట్లో మరికొంత పోరాటానికి పోతుంది. ఎత్తు పెరగడానికి మిగిలేది తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. పశ్చిమ బెంగాల్‌లో ఇది 33.8 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. మూడు రాష్ట్రాల వంటలు వేరు. అయినా ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు గిడసబారిపోతున్నారు. తిండి కొరత, తల్లి ఆరోగ్యం, చిన్న వయసు పెళ్లిళ్లు వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటి వరుసలో పేగు గోడకు కూడా చోటివ్వాలి.

సుబ్బారావు ఇంటి జబ్బు

చూషకాలు చదునైపోతే ఏమవుతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధి బలి తీసుకుంది. తర్వాత ఆయన కూడా అదే వ్యాధితో మంచం పట్టి, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఆగని విరేచనాలు, రక్తహీనత, కళ్లముందే కరిగిపోయే ఒళ్లు స్ప్రూ లక్షణాలు. 1960ల్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు బేకర్, మాథన్ దక్షిణ భారత గ్రామాల్లో ఇది ఊరంతా పాకిన సందర్భాలను కూడా నమోదు చేశారు.

అమెరికా వెళ్లిన సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల చికిత్సలో అది గొప్ప మలుపు. కారణం పేగు గుంటలోనే ఉంది. కణం విభజన చెందాలంటే డీఎన్ఏను రెట్టింపు చేసుకోవాలి. ఆ పనికి ఫోలేట్ కావాలి. ఒంట్లో అత్యంత వేగంగా విభజన చెందే చోట్లు ఎముక మజ్జ, పేగు గుంటలు. ఫోలేట్ తగ్గితే మొదట దెబ్బతినేవి అవే. గోడ దెబ్బతింటే ఆహారంలోని ఫోలేట్ లోపలికి రాదు. ఫోలేట్ రాకపోతే గోడ మళ్లీ లేవదు. ఈ చక్రాన్ని ఆ మాత్ర ఒక చోట తెంచింది. అయితే స్ప్రూ చికిత్సలో ఫోలిక్ ఆమ్లంతోపాటు యాంటీబయాటిక్స్ కూడా అవసరమవడం మరో పాఠం చెబుతుంది. కణానికి ముడిసరుకు ఇవ్వడంతోపాటు దాని పొరుగును కూడా బాగుచేయాలి.

లంఖణం పరమౌషధం కాదు

ఈ శాస్త్రం ఇంట్లో పనికొచ్చేది పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు. రోటావైరస్ చూషకాల కొసన ఉండే ఎదిగిన కణాలనే ఎంచుకుని దాడి చేస్తుంది. కింద గుంటల్లో మూలకణాలు క్షేమంగా ఉంటాయి కాబట్టి కొద్ది రోజుల్లో గోడ మళ్లీ లేస్తుంది. ఆ నాలుగు రోజులూ బిడ్డ ఒంట్లో నీరు నిలబెట్టడమే అసలు పని. కలరాలో కథ వేరు. పేగు పొర కూలదు. విషం ప్రభావంతో కణాలు నీళ్లు వదులుతూ ఉంటాయంతే. ఆ విషం ఉనికిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. రెండు సందర్భాల్లోనూ మిగిలిన కణాలు గ్లూకోజుతో కలిపి ఇచ్చిన ఉప్పును లోపలికి లాక్కోగలవు. ఉప్పు వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నమ్ముకున్నారు. మరణాలు 30 శాతం ప్రాంతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయాయి. ఖరగ్‌పూర్ ఉన్న రాష్ట్రంలోనే ఓఆర్ఎస్ తన సత్తా చూపింది.

అయినా చాలా ఇళ్లలో లంఖణం పరమౌషధం అన్న మాట ఇప్పటికీ చెల్లుబాటు అవుతోంది. విరేచనాలవుతున్న బిడ్డకు అన్నం, కొన్నిసార్లు తల్లిపాలు కూడా ఆపేస్తారు. పేగు పొరలోని కణాలకు అవసరమైన పోషణలో పెద్ద వాటా తమ ముందు నుంచి ప్రవహించే ఆహారం నుంచే వస్తుంది. పేగు ఖాళీగా ఉంటే చూషకాలు మరింత పలచబడతాయి. అంటే పస్తు పెడితే మరమ్మతు పనివాళ్లకు కూలి ఆపేసినట్టే. ఓఆర్ఎస్ ఇస్తూ తల్లిపాలు, మెత్తటి ఇంటి తిండి కొనసాగించాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు 10 మిల్లీగ్రాముల చొప్పున జింక్ 14 రోజులు ఇవ్వాలని మన ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా జింక్ ఆపవద్దనడానికి కారణం ఉంది. లక్షణం పోయినంత మాత్రాన గోడ పూర్తిగా లేచినట్టు కాదు. కొందరు పిల్లలకు ఆ తర్వాత కొన్నాళ్లు పశువు పాలు పడకపోవడానికీ అదే కారణం. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమ్ ఎదిగిన కణాల్లోనే ఉంటుంది.

టీకా విషయంలోనూ ఇదే గోడ అడ్డొస్తున్నట్టుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ను 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చారు. భారత్‌లో జరిగిన పరీక్షల్లో అది తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా అడ్డుకుంది. లెక్కలేనన్ని ప్రాణాలను కాపాడే ఫలితమది. కానీ నోటి ద్వారా వేసే రోటా టీకాలు ఏవైనా సంపన్న దేశాల్లో ఇంతకంటే బాగా పనిచేస్తాయి. మంటతో ఉన్న పేగు గోడ టీకాను సరిగా అందుకోలేకపోవడం దీనికి ఒక కారణమని పరిశోధకులు అనుమానిస్తున్నారు.

బకెట్ మారితే చాలదు

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. పరిసరాలు బాగుపడితే పిల్లలు పెరుగుతారన్న నమ్మకాన్ని బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో వేలాది కుటుంబాల మీద పరీక్షించారు. క్లోరిన్ కలిపిన నీరు, మెరుగైన మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే ఏర్పాటు ఇచ్చి చూశారు. 2018, 2019లో వచ్చిన ఫలితాలు నిరాశపరిచాయి. బంగ్లాదేశ్‌లో విరేచనాలు కొంత తగ్గినా, ఏ దేశంలోనూ ఈ ఏర్పాట్ల వల్ల పిల్లల ఎత్తు పెరగలేదు. అదనపు పోషకాహారం ఇచ్చిన చోట్ల మాత్రం కొద్దిగా పెరిగింది.

దీన్నిబట్టి పరిశుభ్రతకు, పెరుగుదలకు సంబంధం లేదనుకోవడం తొందరపాటు. ఇంటికి ఒక మరుగుదొడ్డి, ఒక క్లోరిన్ సీసా ఇచ్చినా, వీధి కాలువ పొంగుతూ, పక్క ఇంటి మురుగు బావిలో చేరుతూ, పెరట్లో కోళ్ల రెట్ట మీద బిడ్డ పాకుతూ ఉంటే పేగు చూసే పరిసరం దాదాపు పాతదే. న్యూయార్క్ వెళ్లినవారికి మారినది ఒక బకెట్టో సబ్బో కాదు, ఊరు. కణాల మాటే మనుషులకూ వర్తిస్తోంది. ఒక్క ఇంటిని బాగుచేస్తే చాలదు, పొరుగంతా బాగుపడాలి. పైపుల్లో రోజంతా వచ్చే శుద్ధమైన నీరు, మూసిన మురుగు కాలువలు, శుద్ధి అయ్యే మలజలం ఖరీదైనవే. కానీ వాటిని పట్టణాభివృద్ధి పద్దులో మాత్రమే రాసుకుని, పోషకాహార పద్దులో గుడ్డు, పప్పు మాత్రమే రాసుకుంటే రెండు పద్దులూ తప్పుతాయి. గుడ్డు తప్పకుండా పెట్టాలి. ఆ గుడ్డును పీల్చుకునే గోడను కూడా కాపాడాలి.

పరిశోధన వైపు కూడా చేయాల్సింది ఉంది. ఆరోగ్యంగా తిరిగే పసిబిడ్డల పేగు నుంచి ముక్క తీసి చూడటం నైతికంగా కష్టం. అందుకే ఆర్గనాయిడ్లు విలువైనవి. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలను సవరించి, జంతువుల బదులు ఆర్గనాయిడ్లు, చిప్ మీద అవయవాల వంటి మానవ కణ నమూనాలకు దారి తెరిచింది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇంజినీరింగ్ శాఖల పక్కనే వైద్య శాస్త్ర, సాంకేతిక విభాగం కూడా ఉంది. పేగు ప్రశ్నకు అవసరమైన కూడిక సరిగ్గా అలాంటిదే. ఒత్తిడి, ప్రవాహం, వంపు తెలిసినవారు, పిల్లల వైద్యులు, మురుగునీటి ఇంజినీర్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. భారతీయ పిల్లల పేగు మీద ప్రశ్నలు భారతీయ పట్టణాల్లోనే పుట్టాలి. వాటికి నిధులిచ్చే సంస్థలు కూడా శాఖల గోడలు చూసి వెనక్కి తగ్గకూడదు.

ఖరగ్‌పూర్‌లో వెంటనే, చౌకగా చేయగల పని మరొకటి ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఇక్కడి తెలుగువారు ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. ఆ హోదా బోర్డుల మీది అక్షరాలతో ఆగిపోకూడదు. అంగన్‌వాడీలో బిడ్డను తూచే చోట, ఆశా కార్యకర్త ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతికిచ్చే చోట, జింక్ మాత్రలు 14 రోజులు ఎందుకు వేయాలో చెప్పే చోట ఆ భాష వినిపించాలి. ఒక అమ్మమ్మకు ‘గైడ్‌లైన్’ అంటే అర్థం కాకపోవచ్చు. ‘లోపల గోడ మళ్లీ కట్టుకుంటోందమ్మా, పనివాళ్లకు తిండి ఆపకండి’ అంటే అర్థమవుతుంది. బరువు, ఎత్తు రాసుకునే పుస్తకంలోనే గత రెండు వారాల్లో ఎన్నిసార్లు విరేచనాలయ్యాయి, ఇంటి నీరు ఎక్కడి నుంచి వస్తోంది, వీధి కాలువ మూసి ఉందా అన్న మూడు ప్రశ్నలు కూడా చేరాలి. ఆ జవాబులు మున్సిపాలిటీ ఇంజినీరు బల్ల మీదికి వెళ్లాలి.

పేగు పొరకు ఓర్పు ఎక్కువ. ఎన్నిసార్లు కూలినా మళ్లీ కట్టుకుంటుంది. కానీ బిడ్డ ఎత్తు పెరుగుదలకు కీలకమైన తొలి వెయ్యి రోజులు గడిచిపోతే అవి మళ్లీ రావు. గోడ మూడు రోజుల్లో లేవగలదు కదా అని ప్రభుత్వాలు మూడు దశాబ్దాలు కాలయాపన చేయడానికి వీల్లేదు.